ఆవులు రాకపోతే

నిద్రలో నవ్వే ఆడపిల్లని నేను నమ్మను. అందులోనూ తొమ్మిది రోజులు కాలినడకన వచ్చి, అరికాళ్ల నిండా బొబ్బలు వేసుకుని, నముగొంగో గట్టు మీద తుంగచాప పరుచుకుని పడుకున్న పిల్ల మూలగాలి గాని నవ్వడం ఏమిటి? నా కూతురు నలియాకా నవ్వుతోంది. పైకి కాదు, ఎవరో చెవి దగ్గర ఏదో చెబుతుంటే సగం విని సగం వదిలేసినట్టు. పది గంటలకి గాని పూజ మొదలవదు, ఇంకా గంట ఉంది. ఈ గంటలో ఆ నవ్వు ఎవడి తాలూకుదో నేను తేల్చాలి. ఏటా జూన్ మూడున ఇక్కడికి, క్రీస్తు పేరున ప్రాణాలిచ్చిన వేదసాక్షుల కోసం లక్షల మంది వస్తారు. కెన్యా వాళ్లం మేం మలాబా దగ్గర సరిహద్దు దాటి ఉగాండాలోకి వస్తాం, కాంగో వాళ్లు, టాంజానియా వాళ్లు వచ్చి మా పక్కనే చాపలు పరుస్తారు, ప్రతి వాళ్లకీ అడగడానికి ఏదో ఒకటి ఉంటుంది. నాకూ ఉందనే బుంగోమాలో మా ఆయన సితుమాతో చెప్పి వచ్చాను. ఆయనతో చెప్పలేని సంగతి వేదసాక్షులతో చెప్పుకున్నాను: నేను కాపలాకి వచ్చాను బాబులూ. పిల్ల గుడి వాళ్ల నడక జట్టులో ముందు బయల్దేరింది, నేను వారం ఆగి గుడి బస్సెక్కి వెనకాలే వచ్చాను, దానికింకా ఇరవయ్యో ఏడు, నర్సింగు చదువులో ఏడాదే అయింది, ఎవడో ఒకడు దాన్ని మధ్యలో లేవదీసుకుపోయే లోపల వాడి మొహం నేను చూడాలి.

ఇదంతా ఆవులతో మొదలైంది. మూడు వారాల క్రితం, కాలేజీ సెలవులకి వచ్చిన పిల్ల, వంటింటి గుమ్మంలో కూర్చుని చిలగడదుంపల తొక్కు తీస్తూ, దుంపని అడుగుతున్నట్టుగా తల వంచుకుని, "అమ్మా, ఆవులు రాకపోతే నాన్న ఏమంటాడు?" అంది. ఎవరి ఆవులే అన్నాను. ఊరికే అంది. ఊరికే ఆవుల సంగతి ఎత్తే పెళ్లికాని పిల్ల మా బుకుసు వాళ్లలో ఇంతవరకు పుట్టలేదు. ఆవులు రావడమంటే పిల్లని అడిగేవాళ్లు తోలుకొచ్చి మా గేటు ముందు నిలబెట్టడం, రాకపోవడమంటే తోలుకు రావడానికి వాడి దొడ్లో ఏమీ లేకపోవడం, లేదంటే తోలుకొచ్చే ఉద్దేశం లేకుండానే పిల్లని పట్టుకుపోవడం, ఈ రెండింట్లో ఏది నయమో తేల్చుకోలేక ఆ వేళ దుంపలు అడుగంటించాను, అడుగంటిన దుంపలు తింటూ సితుమా ఒక్క మాట అనలేదు, అనని మొగుణ్ణి చూస్తే నాకు ఇంకో రకం అనుమానం, కానీ అది వేరే సంగతి.

ఆ మర్నాడే జడలు కత్తిరించేసుకుంది, నాలుగు గంటలు కూర్చుని అల్లించుకున్న జడలు. నడకలో ఎండమ్మా అంది. మడమ ఎత్తున్న ఎర్రజోళ్లు పిన్ని కూతురికి ఇచ్చేసింది, ఎందుకే అంటే బురదమ్మా అంది. ఎండ, బురద రెండూ ఒకే వారంలో ఎలా వచ్చాయి? ఫోను మొహం కింద పెట్టి బల్ల మీద ఉంచుతుంది, అది మోగితే దొడ్డి వెనక్కి పోతుంది. ఒకసారి ఆరేసిన దుప్పట్ల చాటున నిలబడి విన్నాను, తప్పే, కానీ ఆ దుప్పట్లు ఆరేసింది నేనే, వాటి పక్కన నిలబడే హక్కు నాకు ఉంది. "అలాగే. అలాగేనండీ. మీరు ఎలా అంటే అలాగే." ఇంతే. మా ఇంట్లో ఆ గొంతు ఎవరూ ఎరగరు. నాకు నీళ్లు తెమ్మంటే నువ్వు లేవలేవా అనే పిల్ల. ఏ మగవాడు నేర్పాడో ఆ అలాగే. తరవాత గౌడెన్సియా చెప్పింది, మా అన్నని చేసుకున్నదీ, గుడిలో మహిళా సంఘం కార్యదర్శీ, ఊళ్లో ఎవరికి దగ్గొచ్చినా తారీఖు రాసి పెట్టుకునే మనిషీ, ఆవిడ చెప్పింది, నలియాకా బాప్తిస్మ కాగితం తీయించుకు వెళ్లిందని. ఆ కాగితం దేనికి అడుగుతారో నాకు తెలియదా, గుడిలో పెళ్లికి అదే మొదట అడుగుతారు. దాంతో పిల్ల సంచి వెతికాను. అదీ తప్పే. క్లినిక్ కాగితం దొరికింది. నిలబడే చదివాను, మొదటి వరసలో ఊపిరితిత్తులు బాగున్నాయని, రెండో వరసలో గర్భం లేదని. మంచం మీద కూలబడి, దేవుడికి దండం పెట్టుకుని, దండం పూర్తవకముందే మళ్లీ అనుమానం: పెళ్లికి ముందే ఊపిరితిత్తులు కాగితం మీద రాయించి తెమ్మన్న ఈ జాగ్రత్తపరుడు ఎవడు? ఆవులు లేవు గాని పట్టింపులు మాత్రం ఉన్నాయి.

పక్కనే గౌడెన్సియా, కాళ్లు చాపుకుని, గొడుగు నీడ సగం నాకిచ్చానంటూ ముప్పాతిక తానే ఉంచుకుని కూర్చుంది. "వదినా, ఏమిటా చూపు? పిల్లకి కొరత ఏదైనా ఉందా అని తూచుతున్నట్టున్నావు." ఏం లేదన్నాను. "ఏం లేని మనిషి బస్సులో ఆ కోళ్ల సంత దగ్గర కూడా దిగలేదు, కోడికాలు తినలేదు. నేను తారీఖు రాసుకున్నాను." అంతలో ఒక ఉగాండా ఆవిడ కాల్చిన అరటిపళ్ల పళ్లెంతో వచ్చి మా ముందు మోకాళ్లూని, ఎలా ఉన్నారమ్మా, ఇంట్లో అంతా ఎలా ఉన్నారు, ప్రయాణం ఎలా జరిగింది అని మెత్తగా అడిగింది. మోకాళ్లూనిన మనిషితో బేరమాడలేం, వీళ్లకి ఆ సంగతి బాగా తెలుసునని నా అనుమానం, అది మర్యాదే కావచ్చు, మర్యాదైనా పళ్లు మాత్రం రెండు తక్కువ వచ్చాయి. నలియాకా కోసం ఒకటి తీసి ఆకులో చుట్టి ఉంచాను. లేచాక తింటుంది. లేచాక ఎవరికోసం చూస్తుందో నేనూ చూస్తాను.

నన్ను ఇంటికి తెచ్చుకున్నప్పుడు నాకు ఇరవై ఒకటి. టీచరు ట్రైనింగు పూర్తి చేసి, నాలుగో తరగతికి రెండు టెర్ములు పాఠాలు చెప్పాను, మూడో టెర్ములో భిన్నాలు మొదలుపెట్టాలి, బెల్లం చెక్కని కొట్టి చూపిద్దామని చెక్క కూడా కొని పెట్టుకున్నాను, ఆ శనివారమే గేటు దగ్గర ఆవులు అరిచాయి. మంచి ఆవులే. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని, బడికి పంపుతామమ్మా, ఎందుకు పంపం, ఈ పిడకల పని ఒక్కటీ సర్దుకోనీ అంది. పిడకల పని సర్దుకోవడానికి ఇరవై రెండేళ్లు పట్టింది, అప్పటికి ఆవిడ పోయింది, అడగడానికి ఎవరూ మిగల్లేదు. సితుమా మంచివాడు, చెరకు మిల్లులో కాటా గుమాస్తా, ఎవరి బండికీ కిలో ఎక్కువ రాయడు తక్కువ రాయడు, నేను ఆయన్ని ఏమీ అనలేను. కానీ నలియాకా పుట్టిన రోజు దాని చెవిలో మా వాళ్లు పేరు చెప్పి పోయాక, నేను ఇంకో మాట చెప్పాను, చదువు అయ్యేదాకా గేటు తీయనివ్వనని. అది విని ఉండదు, ఒక రోజు పిల్ల. నేను విన్నాను కదా.

నడిచి వచ్చినవాళ్లు ముప్పై మంది. ఆడవాళ్లని, ముసలివాళ్లని, గురకపెట్టేవాళ్లని తీసేస్తే, గురకపెట్టేవాణ్ణి మా పిల్ల చేసుకోదు, దాని తండ్రితో అనుభవం ఉంది, నలుగురు మిగిలారు. వాళ్లలో ముగ్గురు చెప్పులు మోసుకుంటూ వచ్చి ఎక్కడివాళ్లక్కడ పడిపోయారు. నాలుగోవాడు వెకులో మేష్టారు, చేతిమైకు మెడలో వేసుకుని, ఉత్సాహం తగ్గని మనిషి, అరగంటలో మా చాప పక్కనుంచి మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ నలియాకా వైపు చూశాడు. మొదటిసారి చూసి ఆగాడు, రెండోసారి ఆగి చూశాడు, మూడోసారి ఉప్పునీళ్ల బేసిను తెచ్చి దాని కాళ్ల దగ్గర పెట్టాడు. బేసిను! ఇంకేం కావాలి? నేను కొంచెం జరిగి చాప మీద చోటు చూపించాను. "కూర్చో మేష్టారూ. తొమ్మిది రోజులు నిలబడే ఉన్నావు." కూర్చున్నాడు పాపం, ముళ్ల మీద కూర్చున్నట్టు.

"మా పిల్ల బాగా నడిచిందా?"

"బాగా నడిచిందమ్మా. జింజా వంతెన దగ్గర మాత్రం కొంచెం ఏడ్చింది."

"ఏడ్చిందా? ఎందుకు?"

"నది చూసి అంది. నేనేం అనలేదమ్మా, నిజంగా."

అడక్కుండానే నేనేం అనలేదంటున్నాడు. "మీ నాన్నగారికి పశువులు ఉన్నాయా బాబూ?"

వాడు మైకు వైపు చూశాడు, జవాబు దాంట్లో ఉన్నట్టు. "ఒక ఆవు ఉందమ్మా. అదీ మా పెదనాన్నది. మా దగ్గర మేస్తుందంతే."

గౌడెన్సియా గొడుగు వెనక మొహం దాచుకుంది. "అంటే పాలు కూడా పెదనాన్నవేనా?" అని గొడుగు వెనకనుంచి అడిగింది.

"సగం సగం అత్తయ్యా. మా ఆవిడకి ఇప్పుడు ఏడో నెల, అందుకని ఈ మధ్య పెదనాన్న తన సగం కూడా వదిలేస్తున్నాడు. ఆవిడ సుఖంగా ప్రసవించాలనే నేను నడిచి వచ్చింది." అని లేచి, చొక్కా దులుపుకుని, మైకు సర్దుకుని, నా వైపు జాలిగానో భయంగానో ఒక చూపు చూసి, మంచినీళ్లు ఎవరికి కావాలో అని అరుచుకుంటూ దిగువకి వెళ్లిపోయాడు. గౌడెన్సియా భుజాలు ఊగుతున్నాయి. "ఏడో నెల, వదినా. తారీఖు రాసుకోనా?"

పెళ్లాం ఉన్నవాడు మరీ ప్రమాదం అని ఒక్క క్షణం అనుకున్నాను, అనుకుని సిగ్గుపడ్డాను, బేసినులో ఉప్పు కరగకుండా అడుగున ఉంది, ఇంట్లో ఆడదాని పని ఎప్పుడైనా చేసినవాడైతే ముందు కలిపేవాడు, వాడు కాదు. మరి ఎవడు? జట్టులో లేకపోతే దారిలో ఉన్నాడు. దారిలో లేకపోతే ఇక్కడ, ఈ లక్షల మందిలో, చెరువు అవతల గొడుగుల కింద ఎక్కడో ఉన్నాడు, ఉగాండా వాడేమో, ఉగాండా వాడైతే ఆవులకి బదులు అరటిగెలలు తెస్తాడేమో, మా మాట రాని అల్లుడితో సితుమా ఏ భాషలో దెబ్బలాడతాడు? దూరంగా గుడి కప్పు గుడిసెలా మొనదేరి ఎండలో మెరుస్తోంది, చెరువు మధ్య మంటపంలో తెల్లబట్టలు కదులుతున్నాయి, డోళ్లు సరిచూసుకుంటున్నారు, ఒక దెబ్బ, ఆగడం, రెండు దెబ్బలు. ఆ ఇరవై ఇద్దరు వేదసాక్షుల్లో కొందరిని ఇక్కడే రెల్లుచాపల్లో చుట్టి కాల్చారు, రాజుగారి కొలువులో పనిచేసే కుర్రాళ్లు, అందరికన్నా చిన్నవాడికి పద్నాలుగట, చిన్నప్పటినుంచి ప్రతి ఏడూ ఈ కథ వింటున్నాను, ప్రతి ఏడూ ఫాదరుగారు వాళ్ల ధైర్యం గురించి చెబుతారు, రాజు కోపం గురించి చెబుతారు, ఒక్కసారీ ఒక్కరూ వాళ్ల అమ్మల గురించి చెప్పలేదు. పద్నాలుగేళ్లవాడికి అమ్మ ఉండదా? ఆవిడకి ముందు తెలుసా? కొడుకు ఈ మధ్య మెత్తగా మాట్లాడుతున్నాడని, ఇష్టమైనవి పక్కవాళ్లకి ఇచ్చేస్తున్నాడని, ఎవరితోనో ఏదో అలాగే అంటున్నాడని ఆవిడ కూడా అనుమానపడి ఏ దుప్పటి చాటునో నిలబడి ఉండదా, ఏ పిల్ల కోసమో అనుకుని, ఆ పిల్లని వదిలిపెట్టేలా చెయ్యి దేవుడా అని మొక్కుకుని ఉండదా. ఎవరూ ఆవిడని అడగలేదు. అడిగి ఉంటే ఒప్పుకునేది కాదు, అందుకే అడగలేదు. ఇది పూజకి ముందు తలుచుకోవలసిన విషయం కాదు, జపమాల తీసి రెండు పూసలు తిప్పాను, మూడో పూస దగ్గర మళ్లీ పిల్ల మొహమే చూశాను. నవ్వు ఆగింది. నుదురు ముడిపడి ఉంది. కలలో ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు, పదేళ్లప్పుడు ఎక్కాలు ఇలాగే అప్పజెప్పేది.

అప్పుడు వచ్చింది ఆవిడ. బూడిదరంగు గౌను, తలమీద తెల్లగుడ్డ, కాళ్లకి మాత్రం మగవాళ్ల కాన్వాసు బూట్లు, వాటి మీద దారి పొడుగూతా ఎర్రదుమ్ము. గట్టు ఎక్కుతూ మా జట్టు వాళ్లందరి కాళ్లూ చూసుకుంటూ వస్తోంది. సిస్టర్ బిబియానా అని గౌడెన్సియా చెవిలో ఊదింది, ఎల్డొరెట్ పక్క కన్యాస్త్రీల మఠం, దారిలో ఇగాంగా నుంచి మనవాళ్లతోనే నడిచిందట. ఆవిడ నాకు దండం పెట్టి, నలియాకా కాళ్ల దగ్గర కూర్చుని, బేసినులో ఉప్పు వేలితో కలిపి, పిల్ల కుడికాలు ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. నన్ను అడగలేదు. తలగుడ్డ అంచునుంచి సూది తీసింది, దారం ఎక్కించింది, పెద్ద బొబ్బలో సూదిని ఇటునుంచి అటు పోనిచ్చి దారం మాత్రం లోపల వదిలేసింది, నీరు దారం వెంట మెల్లగా కారిపోతుంది, చర్మం ఊడదు, నడిచేవాళ్ల వైద్యం అది. మంచి పనితనమే, కుట్టు తెలిసిన చెయ్యి. నలియాకా ఉలిక్కిపడి లేచింది. నావైపు చూడలేదు. "ఇంకో రెండు ఉన్నాయి, కదలకు" అంది సిస్టర్.

"అలాగే" అంది నా కూతురు. "అలాగేనండీ."

దుప్పట్లు కదిలినట్టయింది. ఇక్కడ దుప్పట్లు లేవు. నేను ఆ సూది వైపు చూస్తూ ఉండిపోయాను, అది ఇటు దూరి అటు తేలుతోంది, దారం వెంట నీరు, జడలు, జోళ్లు, ఊపిరితిత్తులు, ఎవడూ లేడు. ఎవడూ లేడు కాబట్టి ఆవులు రావు. ఏ మగవాణ్ణీ దాని దరిచేరనివ్వకండని మలాబానుంచి ఇక్కడిదాకా బస్సులో మొక్కుతూ వచ్చాను, పూసలు అరిగేలా, ఇంత చెప్పినమాట వినే సాక్షులని నేను ఎక్కడా చూడలేదు. వెకులో మేష్టారు ఎంత మంచివాడో అప్పుడు తెలిసింది. ఒక ఆవైతేనేం. పెదనాన్నదైతేనేం. ఏడో నెల పెళ్లాం ఒకటి లేకపోతే.

"ఎప్పుడు?" అన్నాను. నా గొంతు నాకే కాటా మీద రాయి పడినట్టు వినిపించింది.

పిల్ల సిస్టర్ వైపు చూసింది, సిస్టర్ పిల్ల వైపు చూసి, నువ్వే చెప్పు అన్నట్టు సూది మీదికి తల వంచింది. "ఆగస్టులో మఠంలో చేర్చుకుంటామన్నారమ్మా. నాన్నకి నువ్వు చెబుతావా?"

"నేనెందుకు చెప్తానే? నాకు చెప్పావా నువ్వు? బాప్తిస్మ కాగితం రాసిచ్చిన గుడి గుమాస్తాకి తెలిసింది, డాక్టరుకి తెలిసింది, జింజా నదికి తెలిసింది. నేను ఎవర్ని?"

"నువ్వు ఏడుస్తావని."

"ఏడవడానికి నాకు ముందు తెలియాలి కదా!"

గౌడెన్సియా గొడుగు మొత్తం నా మీదికి వంచింది, ఆవిడ ఇంతకాలంలో చేసిన పెద్ద త్యాగం అదే.

"చదువు?" అన్నాను సిస్టరుతో. ఆవిడ తల ఎత్తింది, నలభై అయిదు దాటి ఉంటుంది, కళ్ల కింద నడక నలుపు. మొదటి రెండేళ్లు మఠంలో శిక్షణమ్మా, తరవాత మళ్లీ కాలేజీకి పంపుతాం, మాకు ఆస్పత్రి ఉంది, నర్సులు కావాలి. పంపుతాం. ఆ మాట నాకు బాగా తెలుసు, దాని రుచి తెలుసు, దాంతో ఇరవై రెండేళ్లు అన్నం తిన్నాను. "పంపుతామని మా అత్తగారు కూడా అంది" అన్నాను. "ఆవిడా మంచిదే. రోజూ జపమాల చెప్పేది."

సిస్టర్ నవ్వలేదు. "పంపకపోతే రావచ్చమ్మా పిల్ల. మా తలుపుకి గడియ లోపలివైపే ఉంటుంది."

"మా ఇంట్లోనూ లోపలే ఉండేది సిస్టరమ్మా. నాకు అందేది కాదు, అంతే."

కింద డోళ్లు మళ్లీ ఒక దెబ్బ కొట్టి ఆగాయి. నలియాకా ఒక చేత్తో చాప గడ్డి పీకుతోంది, ఆ చెయ్యి పట్టుకుని ఆపాను, ఆపినదాన్ని వదల్లేదు, వదలకుండానే, అవతలి మనిషితో, నాకు తెలియకుండానే మా మేనత్తల గొంతు తెచ్చుకుని, మొదలుపెట్టాను. "చూడండి. మాలో పిల్లని పరాయి దేశపు గట్టు మీద, చాప మీద పడుకోబెట్టి అడగరు. ఇంటికి వస్తారు. గేటు దగ్గర నిలబడతారు. మా ఆడపడుచులు తీయరు, ఎవరు మీరు, దారి తప్పారా, మేక తప్పిపోయిందా అని అడుగుతారు. ఎండ ఉంటే ఎండలో, వాన ఉంటే వానలో. ఓపిక అయ్యాక లోపలికి రానిస్తాం. అప్పుడైనా పిల్ల పేరు ఎత్తకూడదు, మీ దొడ్లో ఒక పెయ్య ఉందని విన్నామండీ అనాలి. అప్పుడు మేం అడుగుతాం. ఏం పెడతారు, ఎన్ని దుప్పట్లు ఇస్తారు, జ్వరం వస్తే ఎవరు లేస్తారు, ఏడాదికి ఎన్నిసార్లు ఇంటికి పంపుతారు. చదువు సంగతి నోటితో కాదు, కాగితం మీద, ఏ నెల, ఏ కాలేజీ, ఎవరి సంతకం. మా ఆయన కాటా గుమాస్తా, అక్షరం తక్కువైతే ఒప్పుకోడు."

వెక్కిరిస్తుందనుకున్నాను. కోప్పడుతుందనుకున్నాను, అదైతే ఇంకా బాగుండేది. సిస్టర్ బిబియానా సూదిని జాగ్రత్తగా తలగుడ్డ అంచుకి గుచ్చుకుని, "ఎంతమందిమి రావాలమ్మా?" అంది.

"ఒక ముసలావిడ. మీ తరఫున మాట్లాడటానికి ఒక మేనమామ."

"ముసలమ్మలకి మా దగ్గర లోటు లేదు, ఎంతమంది అంటే అంతమంది. మేనమామే..."

"వెకులో మేష్టారు ఉన్నాడుగా" అంది గౌడెన్సియా. "మైకు కూడా తెచ్చుకుంటాడు. గేటు బయట నుంచే వినిపిస్తుంది."

నలియాకా ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. నేను నవ్వలేదు, పెదవి లోపల కొరుక్కున్నాను. "ఆవుల సంగతి ఏమిటమ్మా?" అంది సిస్టర్, నిజంగానే అడిగింది, నొసలు ముడేసి. "మాకు పాలకి రెండు ఉన్నాయి. మదరుగారిని అడగాలి."

"ఆవులు మీరే ఉంచుకోండి. నాకు జవాబులు తెండి."

"ఏ రోజు రమ్మంటారు?"

ఈ ప్రశ్న దగ్గరే నేను ఆపాలనుకున్నాను. మా వాళ్లలో వచ్చేవాళ్లకి రోజు చెప్పామంటే సగం గేటు తీసినట్టే, అందుకే రోజు చెప్పడానికి మా అమ్మ ఏడు నెలలు తీసుకుంది, నేను ఏడేళ్లు తీసుకోగలను, మొక్కజొన్న కోత ఉంది, సితుమా మోకాలు నొప్పి ఉంది, కప్పు రేకులు మార్చాలి, కారణాలు నా నోటి నిండా ఉన్నాయి. పిల్ల చెయ్యి నా చేతిలో చెమట పట్టింది. అది తొందరపెట్టలేదు. అమ్మా అని కూడా అనలేదు. నది చూసి ఏడ్చిన పిల్ల, నన్ను చూసి ఏడవకుండా ఆపుకుంటోంది, నాకోసం ఆపుకుంటోంది, ఆ కష్టం దానికి తెలియదనుకున్నాను ఇన్నాళ్లూ, ఎక్కడ నేర్చుకుంది.

"జులై రెండో శనివారం" అన్నాను. "పొద్దున్నే రండి. ఆలస్యంగా వచ్చేవాళ్లని మేం అసలు చూడం."

సిస్టర్ జేబులు తడుముకుంది, కాగితం లేదు. కలం ఉంది. కలంతో ఎడమ అరచేతిలో రాసుకుంది, తారీఖు, ఊరు, సితుమా పేరు, మూడూ పెద్ద అక్షరాల్లో, ఒక్కో అక్షరం ఊదుకుంటూ. నాకు దండం పెట్టి, నలియాకా తల ఒకసారి తట్టి, పూజకి ముందే మఠం వాళ్లకి చెరువు నీళ్లు పట్టాలని చిన్న పచ్చరంగు డబ్బా తీసుకుని గట్టు దిగింది. ఆ చెరువు నీళ్ల కోసం ఏటా జనం తొక్కుకుంటారు, మోచేతులదాకా ముంచి, మొహాలు కడుక్కుని, డబ్బాలు నింపుకుంటారు. నేను లేచి నిలబడ్డాను. అరచేతిలో సిరా ఎంతసేపు ఉంటుంది? ఒక్క ముంపు. ఆవిడకి ఎంతమంది తల్లులు, ఎన్ని ఊళ్లు, ఎన్ని శనివారాలు గుర్తుంటాయి? కడిగేస్తే పోయింది, నేను మాట తప్పినట్టూ కాదు.

"ఏం చూస్తున్నావమ్మా?" అంది నలియాకా.

"ఏం లేదు. అరటిపండు తిను, చల్లారిపోతుంది."

మునివేళ్ల మీద లేచి గొడుగుల మధ్యనుంచి చూశాను. బూడిదరంగు గౌను నీటి అంచుకి చేరింది. ముందునుంచి ఒకరు, వెనకనుంచి ఇద్దరు తోశారు, ఆవిడ మోకాళ్లదాకా దిగిపోయింది. కుడిచేత్తో డబ్బా ముంచింది, బరువుకి ఒళ్లు పక్కకి ఒరిగింది, రెండో చెయ్యి సాయం పట్టకపోతే పడేట్టే ఉంది, పక్కన ఎవరో ఆవిడ భుజం పట్టుకుని నిలబెట్టారు. ఎడమ చెయ్యి మాత్రం గుప్పిట బిగించి, అందరి తలల కన్నా ఎత్తున, పొడిగా పట్టుకునే ఉంది.